తొమ్మిదో మనిషి

ఆ రోజుల్లో మా కర్నూలు, కడప వైపు మగవాడి విలువ వాడు ఎత్తిన బరువులో ఉండేది. పెళ్ళిచూపులకు వెళితే అబ్బాయి ఏం చదివాడని అడిగేవాళ్ళు కొందరే. జొన్నల మూట ఒక్క ఊపున భుజానికి ఎత్తుకోగలడా లేదా అని వాకబు చేసేవాళ్ళు అందరూ. ఉగాదికి మా కోయిలకుంట్లలో రాతిగుండు ఎత్తే పోటీ జరిగేది. ఎత్తినవాడికి మేళతాళాలతో ఊరేగింపు, ఎత్తబోయి నడుము పట్టుకుని కూర్చున్నవాడికి ఇంటికి పోయాక వాళ్ళ అమ్మ చేత చీవాట్లు. నడుము పట్టడం బలహీనుల జబ్బనీ, బలం ఉన్నవాడి గడప అది తొక్కదనీ మా అందరి గట్టి నమ్మకం. నా నమ్మకం ఇంకాస్త గట్టిది, ఎందుకంటే రెండేళ్ళు వరసగా ఆ గుండు ఎత్తింది నేనే. (మూడో ఏడు ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను.)

కర్నూల్లో స్కూలు ఫైనలు చదివేటప్పుడు బడిలో కంటే తాలీంఖానాలో ఎక్కువసేపు కనబడేవాణ్ణి. ఎర్రమట్టిలో దండీలు, బస్కీలు తీసి తీసి చివరికి చొక్కా గుండీలు పట్టని స్థితికి వచ్చాను. గుండీలు పట్టకపోవడమే నాకు పెద్ద పట్టా. అసలు పట్టా మాత్రం నాలుగో సారికి గానీ చేతికి రాలేదు. అది వచ్చిన వారానికే మా మేనమామ నన్ను వెంటబెట్టుకుని నాపబండల వ్యాపారం చేసే ఒక సాహుకారు ముందు నిలబెట్టి, "మావోడు చదివినోడు, దానికి తోడు మంచి కండపుష్టి ఉండేటోడు. నీకి ఒగనితోనే రెండు పనులైపోతాయి" అన్నాడు. సాహుకారు నా చొక్కా వైపు చూశాడు, గుండీలు చూశాడు, "సరే, పోయి పని జూడుపో" అన్నాడు. అట్లా ఇరవై రెండేళ్ళకు నేను గుమాస్తానయ్యాను.

నా ఉద్యోగం నంద్యాలకూ ద్రోణాచలానికీ మధ్య రైలు దారిలో ఒక చిన్న స్టేషన్లో. స్టేషను పక్కనే పెద్ద బయలు. గనుల నుంచి ఎద్దుల బండ్ల మీద వచ్చిన నాపబండలు అక్కడ దిగేవి. అక్కడి నుంచి చెక్క పలకల మీదుగా గూడ్సు పెట్టెల్లోకి ఎక్కేవి. చిన్న బండలు ఇద్దరు మోస్తే చాలు. పెద్దవాటికి మాత్రం అటు నలుగురు, ఇటు నలుగురు కావాలి. ఆ ఎనిమిది మందీ చుట్టుపక్కల పల్లెల వాళ్ళు. ఒకడు మాత్రం మామూలు మనిషి కంటే ఒక జానెడు ఎత్తు ఎక్కువ, వాణ్ణి అందరూ పొడుగోడు అనేవాళ్ళు. మిగతా ఏడుగురి తరఫునా మాట్లాడేది వాడే.

ఎనిమిది మంది అన్నానా? నేను పనిలో చేరిన రోజు లెక్కపెడితే తొమ్మిది మంది తేలారు. ఆ తొమ్మిదో మనిషి అరవై దాటిన ముసలాయన. కూత సాయిబు అనేవాళ్ళు. ఆయన బండ ముట్టడు. తాడు పట్టడు. రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, బండ ఉన్న చోటి నుంచి గూడ్సు పెట్టె దాకా ముందు తానొక్కడే వట్టిచేతులతో నడుస్తాడు. దారిలో గులకరాయి కనబడితే కాలితో పక్కకు నెడతాడు. పలక ఊగుతోందేమో తొక్కి చూస్తాడు. తిరిగొచ్చి, బండ దించే చోట వేళ్ళు నలగకుండా కట్టెముక్కలు వేశారా లేదా అని అడుగుతాడు. ఇంత అయ్యాక, దారి చూశానని తెలియజెప్పడానికి "చూసినా!" అని ఒక కూత. అప్పుడు ఎనిమిది మందీ బండ దగ్గరికి వస్తారు. "కూచ్చో!" అంటే అందరూ నడుం వంచకుండా మోకాళ్ళ మీద దిగుతారు. "కర్సుకో!" అంటే బండను ఒంటికి దగ్గరగా లాక్కుంటారు. ఆ తర్వాత ఒక్క క్షణం ఊపిరి. "లెయ్!" అంటే ఎనిమిది జతల కాళ్ళు ఒక్కసారిగా లేస్తాయి. దించేటప్పుడు మళ్ళీ ఇదే తంతు తలకిందులుగా. ఈ లోపల నేను రెండు బీడీలు తాగగలిగేవాణ్ణి. (తాలీంఖానా వాళ్ళు బీడీ ముట్టకూడదు. అందుకే బయలు చివరికి పోయి తాగేవాణ్ణి.)

నేను చేరిన వారానికి సాహుకారు రైలు దిగి పని చూడ్డానికి వచ్చాడు. తెల్లటి గంజిపంచె, జరీ అంచు ఉత్తరీయం, చేతిలో గొడుగు. కాసేపు చూసి, సాయిబు వినేటట్టే అడిగాడు.

"గుమాస్తా, ఈయప్ప ఏమెత్తుతాడు?"

"ఏమీ ఎత్తడండీ."

"ఏమి మోస్తాడు?"

"ఏమీ మోయడండీ. ముందర నడుస్తాడు."

"పెండ్లి మేళం మాదిరిగానా?" అని సాహుకారు నవ్వాడు, నేనూ నవ్వాను. "పాతకాలం నుంచి ఉండాడని ఉంచినా. నెల తిరిగినాక మళ్ళీ వస్తా. ఈయప్ప అక్కర ఉండాదో ల్యాదో నువ్వే తేల్చి చెప్పు. చదువుకున్నోడివి, బరువు సంగతి తెలిసినోడివి. నువ్వు వద్దంటే తీసేస్తా."

సాయిబు చేతులు వీపు వెనకే ఉన్నాయి. మొహంలో ఏమీ కనిపించలేదు. ఆయనకు ఆ పని తప్ప వేరే పని లేదనీ, ఇంట్లో జబ్బు భార్యా, మగడు పోయి పుట్టింటికి చేరిన కూతురూ ఉన్నారనీ, ఆ ముగ్గురి బువ్వా ఇప్పుడు నా నోటి మాటలో ఉందనీ పొడుగోడు ఆ సాయంత్రమే నాకు చెప్పాడు. చెప్పి, "శానా మంచోడప్పా, తొందరపడాకు" అన్నాడు. ఆ వయసులో నాకు తొందరపడొద్దని చెబితే అది తొందరపడమని చెప్పడమే.

నెల ఆగలేదు నేను. మూడో రోజుకే తేల్చేశాను. రాత్రి పూటకూళ్ళ ఇంట్లో పడుకుని ఆలోచిస్తే అంతా కళ్ళకు కట్టినట్టు కనిపించింది: బండ దగ్గరికి పోవడం, ఎత్తడం, పెట్టెలో వేయడం. పనులు మూడే. నడవడం, కూతలు, కూర్చోవడం ఇవన్నీ ముసలాయన తన కూలి కోసం కల్పించుకున్న వేషాలు. కూత అవసరమే అనుకుందాం, ఎనిమిది మంది ఒకేసారి లేవాలంటే ఎవరో ఒకరు అరవాలి కదా. ఆ అరుపు నేనే అరవొచ్చు, నాకు గొంతు లేదా? ఎవడైనా రాకపోతే బండకు నా చెయ్యి కూడా వేయొచ్చు. చెయ్యీ నాదే, గొంతూ నాదే. ఇంత సులువైన లెక్క ఇన్నేళ్ళు ఎవరికీ తట్టలేదంటే ఆశ్చర్యం వేసింది. నా మీద నాకు కొంచెం గౌరవం కూడా కలిగింది.

మరునాడు పొద్దున్నే సాయిబును పక్కకు పిలిచి, "తాతా, సాహుకారు వచ్చేదాకా నువ్వు రావొద్దు. నువ్వు లేకుండా పని ఎట్లా జరుగుతుందో చూడాలి" అన్నాను. ఆయన గొడవ పడతాడని నేను అనుకున్నాను, జవాబులు కూడా తయారుగా పెట్టుకున్నాను. ఆయన ఒక్క జవాబు కూడా వాడనివ్వలేదు.

"సరేప్పా. కూత ఎవరేస్తారు?"

"నేనేస్తా."

"ఎయ్యి. కానీ కూత ఏసేటప్పుడు బండ ముట్టుకోవాకు."

"ఎందుకు?"

"నోటితో చెప్తే తెలిసేది గాదులే" అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఎనిమిది మందీ ఆయన వెళ్ళేదాకా చూసి, తర్వాత నా వైపు చూశారు. ఆ చూపులో నాకు అప్పుడు కనబడింది భయం కలిసిన గౌరవం. ఇప్పుడు తలుచుకుంటే గౌరవం ఎక్కడా లేదు.

రెండు రోజులు పని పరుగులు తీసింది. నేను పలక పక్కన నిలబడి "లెయ్! నడు! దించు!" అని మూడు కూతలతో సరిపెట్టేవాణ్ణి. సాయిబు ఒక బండ వేయించే వేళకు నేను రెండు వేయించాను. స్టేషను మాస్టరు కూడా బయటికొచ్చి చూశాడు. మూడో రోజు ఎనిమిది మందిలో ఒకడికి జ్వరం. మంచిదే అనుకున్నాను, ఇన్నాళ్ళు కండలు ఊరికే ఉన్నాయి. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, నేనే ఎనిమిదో వాడిగా నిలబడ్డాను. పొడుగోడు నా ఎదురుగా ఉన్నాడు. "గుమాస్తప్పా, కూచ్చోని పట్టుకో" అన్నాడు నెమ్మదిగా. రాతిగుండు వీరుడికి చెప్పాల్సిన మాటా అది? కాళ్ళు కొయ్యల మాదిరి నిలబెట్టి, నడుం దగ్గర రెండుగా మడిచి, బండ అంచు పట్టుకున్నాను.

"లెయ్!" అన్నాను. అనడం మొదలుపెట్టాను అంటే సరిగ్గా ఉంటుంది. మూటో బండో ఎత్తేటప్పుడు మనిషికి ఊపిరి బిగుసుకుపోతుంది. బిగిసిన ఊపిరితో కూత రాదు. నా నోట్లోంచి "ల్" మాత్రం వచ్చింది, మిగతా సగం గొంతులోనే ఉండిపోయింది. ఆ "ల్" విని నలుగురు లేచారు, ముగ్గురు మిగతా సగం కోసం కాచుకున్నారు. బండ నా మూలకు ఒరిగింది. నేను దాన్ని ఆపడానికి పక్కకు తిరిగాను. తిరిగిన కాలి కింద ఒక గులకరాయి. ఆ రాయి నాకు బాగా తెలిసిందే. పొద్దున్నే చూశాను, దాన్ని కాలితో నెట్టడం గుమాస్తా పని కాదని వదిలేశాను. నడుములో కలుక్కుమంది. "దించు" అని అరవాలనుకున్నాను. "క్" అని వచ్చింది.

అదృష్టం ఏమిటంటే పొడుగోడు నా నోటికి బదులు నా మొహం చూస్తున్నాడు. "ఇడిసిపెట్టండి, ఎనక్కి దూకండి!" అని వాడు అరిచాడు. ఏడుగురూ వెనక్కి దూకారు. బండ పడి రెండు ముక్కలైంది. పడిన చోటుకూ ఒకడి కాలివేళ్ళకూ మధ్య బెత్తెడు ఎడం. వాడు ఆ బెత్తెడు వైపు చూస్తూ అట్లాగే నిలబడ్డాడు. నేను ఆ ఎడం చూడలేదు. నేల తప్ప ఏమీ చూడలేని స్థితిలో, వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. లేద్దామంటే నడుం ఒప్పుకోలేదు, కూర్చుందామన్నా ఒప్పుకోలేదు.

తర్వాత జరిగింది చెప్పడానికి ఇప్పటికీ కాస్త సిగ్గే. నన్ను ఎద్దులబండి ఎక్కించాలి కదా. ఏడుగురూ నా చుట్టూ చేరి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పొడుగోడు నా దగ్గర నుంచి బండి దాకా నడిచి దారి చూసి వచ్చాడు. బండిలో గడ్డి పరిచారు. వాడే చేతులు వెనక్కి కట్టుకుని "చూసినా!" అన్నాడు. నా కింద ఆరుగురు మోకాళ్ళ మీద దిగారు. "కూచ్చో! కర్సుకో! లెయ్!" ఆరు జతల కాళ్ళు ఒక్కసారిగా లేచాయి, నేను గాలిలోకి లేచాను. ఒక్క కుదుపు లేదు, ఒక్క మూల ఒరగలేదు. పెద్ద బండను కూడా అంత మర్యాదగా మోయగా నేను చూడలేదు. బండి మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తుంటే ముసలాయన తంతులో తప్పేముందో నాకు ఒక్కటీ గుర్తు రాలేదు.

నేను భోంచేసే పూటకూళ్ళ ఇల్లు ఒక అవ్వది. వైద్యం కూడా ఆమెదే. ఆముదం కాచి పూసింది, ఉప్పు మూటతో కాపడం పెట్టింది, నాపబండలు పరిచిన నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి కదలొద్దంది. (బండల వ్యాపారం మొదటిసారి నాకు ఒంటికి తగిలింది అప్పుడే.) నాలుగో రోజుకు కర్ర పట్టుకుని లేవగలిగాను, కానీ లేచినా వంకర పోలేదు. మా ఇద్దరి నీడా గోడ మీద పడితే ఎనభై ఏళ్ళ అవ్వ ఎవరో, ఇరవై రెండేళ్ళ గుమాస్తా ఎవరో పోల్చుకోవడం కష్టంగా ఉండేది.

"నాయనా, ఇది మందుకు పొయ్యేది గాదు" అంది అవ్వ చివరికి. "ఎదురుకాళ్ళతో పుట్టినోడు కాలితో తన్నల్ల. మూడు తన్నులు. దెబ్బకు దిగిపోతాది."

మా వైపు ఈ నమ్మకం అందరికీ ఉన్నదే. తల్లి కడుపులోంచి తల ముందు కాకుండా కాళ్ళు ముందు పెట్టి వచ్చినవాడు తంతే నడుము పట్టు వదులుతుంది. అటువంటి వాళ్ళకు ఊళ్ళో పెద్ద గిరాకీ. నేను వెంటనే ఒప్పేసుకున్నాను. "ఎవరున్నారవ్వా, పిలిపించు."

"ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఒక్కడే ఉండాడు. పిలిస్తే రాడు. మనమే పోవల్ల" అని అవ్వ ఆకు వక్క నోట్లో వేసుకుంది. "కూత సాయిబు" అంది.

పొద్దున్నే ఎద్దులబండిలో సాయిబు పల్లెకు బయలుదేరాను. దారంతా బండి కుదిపినప్పుడల్లా ఒక క్షమాపణ తయారు చేసుకున్నాను. సాయిబు ఇంటి ముందు వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాడు. బండిలోంచి వంకరగా దిగుతున్న నన్ను చూసి పుల్ల నోట్లోంచి తీశాడు.

"ఏమప్పా, ఏమి పని మీద వచ్చినావు?"

"నువ్వు నన్ను తన్నాల తాతా" అన్నాను. తయారు చేసుకున్న మాటలన్నిట్లోకీ వచ్చింది ఇది.

"తంతా" అన్నాడాయన ఏమాత్రం ఆలోచించకుండా. "మొన్న నువ్వు రావొద్దన్న కాడి నుంచి నాకి అదే బుద్ధి పుడతాండాది. అల్లా మెహర్బానీ, నువ్వే వచ్చినావు."

లోపల్నుంచి ఆయన భార్య దగ్గుతూ, "పాపం, పిల్లగాడు. మెత్తగా తన్ను" అని కేకేసింది. గుమ్మం ముందు చాప వేసి నన్ను బోర్లా పడుకోబెట్టారు. ఆయన కూతురు నవ్వు ఆపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. నేను కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగించి, మూడు తన్నులకు సిద్ధమయ్యాను. ముసలాయన పాదం నా నడుము మీద ఆనింది. నొక్కలేదు. గూడ్సు పలక ఊగుతోందేమో చూసేటప్పుడు తొక్కుతాడే, అంతే మెల్లగా ఆనించి తీశాడు. మూడు సార్లూ అంతే.

"అయిపోయింది, లెయ్."

"అంతేనా?"

"మరి? బండ పడి ఇరిగింది చాల్దా, నేనూ ఇరగ్గొట్టల్లనా? తన్నితే దిగేదైతే నాది ఎప్పుడో దిగేది" అని నా పక్కనే మెల్లగా, మోకాళ్ళ మీద దిగి కూర్చున్నాడు. అప్పుడే మొదటిసారి ఆయన కూర్చోవడం దగ్గరగా చూశాను. నడుము ఒక్క వేలెడు కూడా వంగలేదు. వంచలేదని కాదు. వంగదు.

"ముప్పై ఏండ్లప్పుడు నేను కూడా నీ మాదిరే ఎత్తేటోణ్ణి. ఇద్దరు మోసే బండ ఒక్కణ్ణే వీపు మీద ఏసుకుంటి. పందెం. చూసేటోళ్ళు శానా మంది ఉండిరి. పది అడుగులేసినా, పదకొండో అడుగులో కాలి కింద రాయి. అంతే. ఆరు నెలలు మంచంలో ఉంటి. ఈ బిడ్డ అప్పుడే పుట్టింది." లోపల గిన్నెల చప్పుడు అవుతున్న వైపు తల తిప్పాడు. "పిల్ల ఎత్తుకోమని చేతులు సాపుతాది. వంగలేను. మంచం మీద ఎవురన్నా పెట్టాల్సిందే నా చేతిలో. నిలబడి నా బిడ్డను ఒక్క దినం గూడా ఎత్తుకోల్యా. ఇప్పుడు ముప్పై ఏండ్లామె ఆ పిల్ల. ఇంగెప్పుడు ఎత్తుకునేది?"

ఏడుపొచ్చింది. ఇంకా బోర్లానే ఉన్నాను కాబట్టి ఎవరికీ కనపడలేదని అనుకున్నాను.

"ఆ ఎనిమిది మందికీ బిడ్డలుండారు గుమాస్తప్పా" అన్నాడు ఆయన. "అందుకే ముందర నడుస్తా."

"రేపే పనిలోకి రా తాతా, తప్పు నాది" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నీ పిలుపుతో రాను. నా సంగతి తేల్చి చెప్పమని సాహుకారు నిన్ను అడిగినాడు. ఆయన ముందర ఏమి చెప్తావో చెప్పు. అది ఇని వస్తా, లేదంటే పోతా" అన్నాడు. నన్ను బండెక్కించేటప్పుడు మాత్రం కూత ఆయనే వేశాడు.

చెప్తానని ఒప్పుకుని వచ్చేశాను గానీ, రోజులు దగ్గరపడే కొద్దీ ధైర్యం కరగడం మొదలైంది. నిజం చెబితే సాయిబు ఉద్యోగం నిలుస్తుంది. విరిగిన బండ, బెత్తెడు ఎడంలో తప్పిన కాలివేళ్ళు, వద్దన్నా చేసిన నా నిర్వాకం అన్నీ బయటపడి నా ఉద్యోగం పోతుంది. మేనమామకు ఏ మొహం పెట్టుకుని కనబడను? బావి దగ్గర కాలు జారిందని చెబితే ఎట్లా ఉంటుందో అవ్వ మీద ఒకసారి చెప్పి చూశాను. "మన ఊళ్ళో బావి ఎండిపోయి రెండేండ్లు" అంది అవ్వ.

నెల తిరిగింది. సాహుకారు రైలు దిగాడు. నేను కర్ర పక్కన దాచేసి, పలక దగ్గర నడుం దాకా వంగి రెండు చేతులూ జోడించి నిలబడ్డాను. అంతకంటే పైకి లేవలేను మరి. దూరంగా స్టేషను పందిరి నీడలో సాయిబు చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు. అన్నాళ్ళూ చిన్న బండలే మోస్తూ వచ్చిన ఎనిమిది మందీ పని ఆపి వరసగా చూస్తున్నారు.

సాహుకారు నా ముందుకు వచ్చి ఆగాడు. నేను లేవలేదు. ఆయన కాసేపు చూశాడు. నేను అప్పటికీ లేవలేదు. ఆయన గొంతు మెత్తబడింది.

"లెయ్ నాయనా, లెయ్. చదువుకున్నోళ్ళలో ఇంత అణకువ నేను యాడా చూడల్యా. మీ మామ చెప్పినప్పుడు నమ్మల్యా గానీ..." అని భుజం తట్టాడు. ఆ తట్టుడికి నడుములో మెరుపు మెరిసి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి చూసి ఆయన ఇంకా కరిగిపోయాడు. "తొమ్మిదో మనిషి కనపళ్ళేదే, తీసేసినావా? శానా మంచి పని చేసినావు. అట్లనే ఉండల్ల మనిషి. ఇంగ నిన్ను పెద్ద గుమాస్తాను చేస్తా పో."

ఒక్క "ఔనండీ" చాలు. నోటి చివరిదాకా వచ్చింది. వంగి ఉన్న నాకు సాహుకారు చెప్పులు, ఎనిమిది మంది పాదాలు, వాటి ఎదుట రెండు ముక్కలైన ఆ బండ తప్ప ఏమీ కనబడటం లేదు. ఎనిమిది జతల పాదాలు, వేళ్ళన్నీ ఉన్నాయి.

"ఇది అణకువ కాదండీ" అన్నాను నేలకేసి చూస్తూ. "నడుము పట్టు."

ఎవడో కిసుక్కుమన్నాడు. ఇక ఆగలేదు నేను. సాయిబును నేనే పంపేశాననీ, బండా ముట్టుకుని కూతా వేశాననీ, ఊపిరి బిగుసుకుపోతే కూత రాదనీ, అందుకే కూత వేసేవాడి చేతులు ఖాళీగా ఉండాలనీ, గులకరాయి నేను చూసి కూడా నెట్టలేదనీ, చివరికి సాయిబు చేత తన్నించుకున్నాననీ మొత్తం చెప్పేశాను. తన్నుల దగ్గరికి వచ్చేసరికి స్టేషను మాస్టరు కూడా బయటికొచ్చి వింటున్నాడు.

సాహుకారు మొహం ఎట్లా మారిందో నాకు కనబడలేదు, గొంతు మాత్రం మారింది. "బండ పగలగొట్టినావు, నడుం ఇరగ్గొట్టుకున్నావు. నీకి ఎత్తేది రాల్యా, దానికి ఆయప్పెందుకు? నీ వయసులో నేను ఇంతకు రెండింతలు ఎత్తినా. చూడు!" అని గొడుగు పొడుగోడి చేతికిచ్చి, ఉత్తరీయం నడుముకు చుట్టి, విరిగిన బండలో చిన్న ముక్క మీదికి సూటిగా వంగాడు.

"ఆగు!"

ఆ కూత నేను ఇప్పటికీ మరచిపోలేదు. సాహుకారు మీద అట్లా అరిచినవాణ్ణి ఆ సీమలో ఎవరూ చూసి ఉండరు. మెడ పక్కకు తిప్పి చూస్తే సాహుకారు వంగినవాడు వంగినట్టే ఆగిపోయి ఉన్నాడు. సాయిబు పందిరి కింద నుంచి నడిచి వచ్చాడు.

"అట్లే ఎత్తితే రేపటి నుంచి గుమాస్తా పక్కన నువ్వు గూడా అట్లనే నిలబడతావు. కూచ్చో."

"పంచె..."

"పంచె ఉతుక్కుంటే తెల్లగైతాది. కూచ్చో."

సాహుకారు కూర్చున్నాడు. గంజిపంచె దుమ్ములో పరుచుకుంది. అటు పక్క పొడుగోడు గొడుగు పక్కన పెట్టి దిగాడు. సాయిబు అడుగులు లెక్కపెట్టుకుంటూ ముందుకు పోయి, రెండు రాళ్ళు నెట్టి, తిరిగొచ్చి "చూసినా!" అన్నాడు. "కర్సుకో... కడుపుకు దగ్గరగా... ఊపిరి తీస్కో... లెయ్!" సాహుకారు లేచాడు. బండ కూడా లేచింది. పది అడుగులు మోసి, మళ్ళీ కూతకు దిగి, కట్టెముక్కల మీద మెల్లగా దించాడు. లేచి చేతులు దులుపుకుని, ఆ చేతుల వైపే కాసేపు చూసుకున్నాడు. చిన్నపిల్లవాడు మొదటిసారి ఈత కొట్టి బయటికి వచ్చినప్పుడు చూసుకునే చూపు అది.

రైలు కూత వేసింది. ఆయన ఎక్కబోతూ, "ఆయప్పను ఉండనీ" అన్నాడు. "నువ్వూ ఉండు. నిటారుగా అయ్యేదాకా మాత్రం నాకి దండం పెట్టాకు."

రెండు నెలలకు నిటారుగా అయ్యాను. (ఆ ఘనత తన ఆముదానిదని అవ్వ, తన కాళ్ళదని సాయిబు చాలాకాలం పోట్లాడుకున్నారు.) రాతిగుండు జోలికి మళ్ళీ పోలేదు. నా నడుం పూర్తిగా మునుపటిలా అవ్వలేదు కూడా, చలికాలంలో ఇప్పటికీ పలకరిస్తుంది. ఆ తర్వాత పన్నెండేళ్ళు అదే బయల్లో పని చేశాను. రెండో యుద్ధం వచ్చింది, గూడ్సు పెట్టెలు దొరకడం కష్టమైంది, దొరికిన రోజున అందరూ తొందరపెట్టేవాళ్ళు. ఎవరెంత తొందరపెట్టినా సాయిబు చేతులు వీపు వెనకే ఉండేవి, దారి నడిచి "చూసినా" అన్నాకే బండ కదిలేది. ఆయనకు నడక చాతకాని రోజు వచ్చినప్పుడు కూతురు వచ్చి ఇంటికి తీసుకుపోయింది.

మరునాడు ఎనిమిది మందీ నా గది ముందుకు వచ్చి నిలబడ్డారు. అప్పటికి నేను పెద్ద గుమాస్తాను, తల కాస్త నెరిసింది. పొడుగోడు ముందుకు వచ్చి, "ఇంగ నువ్వే కూత ఎయ్యల్ల సామీ" అన్నాడు. నాకు ఛాతీ ఉప్పొంగింది. పన్నెండేళ్ళ అనుభవం, చదువు, వీళ్ళు నన్ను చూసి నేర్చుకున్నది ఇవన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. "నా మీద అంత నమ్మకమా?" అని అడిగాను, ఇంకో రెండు మంచి మాటలు వినొచ్చని.

పొడుగోడు మొహమాటంగా తల గోక్కున్నాడు. "నమ్మకమని గాదు సామీ. నడుం పోయినోడికే ఆ భయం ఉంటాదని సాయిబు చెప్పినాడు. నడుం పోయినోడే ముందర నడవల్ల అంట. మా ఎనిమిది మందిలో ఇన్నేండ్లకు ఒక్కని నడుం గూడా పోల్యా. ఇంగ యాడి నుంచి తెచ్చేది? నువ్వొక్కడివే ఉండావు."

ఎనిమిది మంది నడుములు తిన్నగా నిలబడి నా జవాబు కోసం చూస్తున్నాయి. నేను చేతులు వీపు వెనక కట్టుకుని వాళ్ళ ముందు నడిచాను.